గెలిచిన బ్రిటన్ చితికింది, ఓడిన జర్మనీ కోలుకుంది: పెద్ద యుద్ధాల లాభనష్టాల లెక్క

క్లుప్తంగా

పెద్ద యుద్ధం ముగిశాక ఏ దేశానికి ఏం మిగిలింది అన్నది గెలుపోటముల కన్నా మూడు విషయాల మీద ఎక్కువ ఆధారపడుతుంది. యుద్ధం ఎవరి నేల మీద జరిగింది, ఖర్చు ఎవరి అప్పుతో నడిచింది, చివర్లో కుదిరిన ఒప్పందం ఓడినవాడిని బతకనిచ్చిందా లేదా. ఈ వ్యాసం ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే అప్పులు, పరిహారాలు, సరిహద్దులు చాలావరకు తేలిపోయి, లెక్క చివరిదాకా కనిపించే పెద్ద యుద్ధం అదే. ఆ లెక్కలో మన దేశం పద్దు కూడా ఉంది, అది చాలామంది అనుకునే దానికన్నా పెద్దది.

గెలుపు ఖరీదు

2006 డిసెంబర్ 29న బ్రిటన్ ప్రభుత్వం అమెరికాకు సుమారు 8.3 కోట్ల డాలర్లు చెల్లించింది. 1946లో తీసుకున్న అప్పుకు అది ఆఖరి వాయిదా. అంటే హిట్లర్‌ను ఓడించిన దేశం ఆ గెలుపు తాలూకు అప్పు తీర్చడానికి 60 ఏళ్లు పట్టింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన దగ్గర సామెత, బ్రిటన్ విషయంలో అది అక్షరాలా జరిగింది.

ఇది ఎలా జరిగిందో కాస్త వివరంగా చూడాలి. 1939లో యుద్ధం మొదలైనప్పుడు అమెరికా ఆయుధాలు అమ్మడానికి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది: నగదు ఇవ్వాలి, సరుకు మీ ఓడల్లోనే తీసుకెళ్లాలి. బ్రిటన్ దగ్గరున్న బంగారం, డాలర్లు ఏడాదిన్నరలో దాదాపు ఊడ్చుకుపోయాయి. 1940 సెప్టెంబర్‌లో 50 పాత యుద్ధనౌకల కోసం న్యూఫౌండ్‌లాండ్, బెర్ముడా, కరీబియన్ దీవుల్లో సైనిక స్థావరాలకు స్థలాలను 99 ఏళ్ల లీజుకు అమెరికాకు రాసిచ్చేసింది. అమెరికాలో బ్రిటిష్ కంపెనీలకు ఉన్న ఆస్తులను కూడా అమ్ముకోవాల్సి వచ్చింది, అదీ తొందరలో అమ్మితే ఎంత ధర పలుకుతుందో అంత ధరకే.

1941 మార్చిలో లెండ్-లీజ్ చట్టం వచ్చాక పరిస్థితి మారింది. ఆ పథకం కింద అమెరికా మొత్తం దాదాపు 5,000 కోట్ల డాలర్ల సరుకు మిత్రదేశాలకు ఇచ్చింది, అందులో బ్రిటన్, దాని సామ్రాజ్య దేశాల వాటా 3,100 కోట్లు. డబ్బు వెంటనే కట్టనక్కర్లేదు. కాకపోతే దీని పక్కనే ఇంకో నష్టం నడిచింది. ఫ్యాక్టరీలన్నీ ఆయుధాలకు మళ్లాయి కాబట్టి బ్రిటన్ ఎగుమతులు 1944 నాటికి యుద్ధానికి ముందున్న దాంట్లో మూడో వంతుకు పడిపోయాయి. ఎగుమతి మార్కెట్ ఒకసారి చేజారితే తిరిగి రావడం కష్టం, ఆ జాగాలోకి ఇంకొకరు వచ్చి కూర్చుంటారు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయిన కొద్ది రోజులకే అమెరికా లెండ్-లీజ్‌ను హఠాత్తుగా ఆపేసింది. అప్పటికి బ్రిటన్ ఇతర దేశాలకు స్టెర్లింగ్ (అంటే పౌండ్ల) రూపంలో బాకీ పడింది 330 కోట్ల పౌండ్లకు పైనే. ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్ వెళ్లి ఉచిత సాయమో వడ్డీలేని అప్పో ఇవ్వమని అడిగాడు, దొరికింది 2 శాతం వడ్డీకి 375 కోట్ల డాలర్ల అప్పు. దానికి తోడు ఏడాదిలోగా పౌండ్‌ను ఎవరైనా స్వేచ్ఛగా డాలర్లలోకి మార్చుకునే వీలు కల్పించాలని షరతు. 1947 జూలై 15న ఆ షరతు అమలు చేశారు. పౌండ్లు చేతిలో ఉన్న ప్రతి దేశమూ డాలర్ల కోసం ఎగబడింది. ఐదు వారాలకు మించి నిలబడలేక ఆగస్టు 20న ఆపేశారు, ఈలోగా అప్పు తెచ్చిన డాలర్లలో చాలా భాగం కరిగిపోయింది. 1949లో పౌండ్ విలువను 4.03 డాలర్ల నుంచి 2.80కి తగ్గించారు.

సామాన్యుడి ఇంట్లో ఇది ఎలా కనిపించిందంటే, యుద్ధం జరుగుతున్నంత కాలం బ్రిటన్‌లో బ్రెడ్డుకు రేషన్ లేదు. యుద్ధం గెలిచాక 1946 జూలైలో పెట్టారు, రెండేళ్లు నడిచింది. మాంసం రేషన్ 1954 దాకా పోలేదు.

రాజకీయంగా అయితే 1947 ఫిబ్రవరిలో ఒక్క వారం చాలు. 18న పాలస్తీనా వ్యవహారం ఐక్యరాజ్యసమితికి అప్పగిస్తున్నట్టు ప్రకటన. 20న, 1948 జూన్ లోపు భారత్ నుంచి వెళ్లిపోతామని బ్రిటన్ ప్రధాని అట్లీ ప్రకటన. 21న గ్రీస్, టర్కీలకు ఇక సాయం చేయలేమని అమెరికాకు కబురు. భారత స్వాతంత్ర్యం వెనక దశాబ్దాల పోరాటం ఉంది, నౌకాదళ తిరుగుబాటు ఉంది, దాన్ని బ్రిటన్ అప్పుల ఖాతాలో రాసేయడం సరికాదు. కానీ ఆ పోరాటాన్ని ఇంకో పదేళ్లు అణచి ఉంచే స్తోమత లండన్‌కు మిగల్లేదన్నది కూడా వాస్తవమే. 1956లో సూయజ్ కాలువ కోసం ఈజిప్ట్ మీద దాడికి దిగినప్పుడు అమెరికా తూటా పేల్చలేదు, పౌండ్‌ను ఆదుకునే ఐఎంఎఫ్ సాయానికి అడ్డుపడింది, అంతే. బ్రిటన్ సైన్యం వెనక్కి వచ్చేసింది.

లాభాల పద్దులో బ్రిటన్‌కు ఏమీ లేదా అంటే ఉంది. యుద్ధం మధ్యలోనే, 1942 డిసెంబర్‌లో, సాంఘిక సంక్షేమానికి బాట వేసిన బెవరిడ్జ్ నివేదిక వచ్చింది, 1948లో అందరికీ ఉచిత వైద్యం అందించే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. భద్రతా మండలిలో వీటో దక్కింది. సామ్రాజ్యం పోయాక సగటు బ్రిటిష్ పౌరుడి ఆరోగ్యం, చదువు, ఆదాయం మెరుగుపడ్డాయే తప్ప తగ్గలేదు. దేశం నష్టపోవడం, ఆ దేశ ప్రజలు నష్టపోవడం ఒకటే కానక్కర్లేదు.

అమెరికాకు ఎందుకు కలిసొచ్చింది

అమెరికా సైనికులు 4 లక్షల మందికి పైగా చనిపోయారు, అది చిన్న సంఖ్య ఏమీ కాదు. కానీ ప్రధాన భూభాగం మీద శత్రువు దాడికి చనిపోయిన పౌరులు ఆరుగురే, 1945 మేలో ఒరెగాన్ అడవిలో జపాన్ వదిలిన బెలూన్ బాంబు పేలి. ఒక్క ఫ్యాక్టరీ కూలలేదు, ఒక్క రైల్వే వంతెన పోలేదు. మిగతా పారిశ్రామిక దేశాలన్నీ ఒకదాన్నొకటి బాంబులతో కొట్టుకుంటున్నప్పుడు ఈ ఒక్క దేశం మాత్రం కొత్త ఫ్యాక్టరీలు కట్టుకుంటూ పోయింది. యుద్ధం ముగిసేసరికి ప్రపంచ తయారీ రంగంలో దాదాపు సగం దానిదే, ప్రభుత్వాల దగ్గరున్న బంగారంలో సుమారు మూడింట రెండొంతులు దానిదే.

ఆ బలంతోనే 1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు కూర్చున్నప్పుడు డాలర్ ప్రపంచ కరెన్సీ అయింది, ఔన్సు బంగారానికి 35 డాలర్లు అని కట్టేశారు. ఒక దేశం నోటును మిగతా ప్రపంచం దాచుకోవడం మొదలుపెడితే ఆ దేశం చవగ్గా అప్పు చేయగలదు. ఈ సౌకర్యం 80 ఏళ్లుగా నడుస్తూనే ఉంది. అమెరికాకు యుద్ధం వల్ల దక్కిన అతి పెద్ద లాభం ఏదంటే భూమి, చమురు కన్నా ఇదే చెప్పుకోవాలి.

మనుషుల రూపంలో కూడా చాలా దక్కింది. 1940లో బ్రిటన్ శాస్త్రవేత్తల బృందం రాడార్‌కు ప్రాణం లాంటి మాగ్నెట్రాన్ పరికరాన్ని తీసుకెళ్లి అమెరికాకు ఇచ్చేసింది, తమ దగ్గర పెద్ద ఎత్తున తయారుచేసే సామర్థ్యం లేదు కాబట్టి. పెన్సిలిన్ కూడా అంతే, కనిపెట్టింది లండన్‌లో, టన్నుల లెక్కన తీసింది అమెరికా కంపెనీలు. యుద్ధం అయ్యాక 1,600 మందికి పైగా జర్మన్ నిపుణులను తీసుకెళ్లారు, వాళ్లలో ఫాన్ బ్రౌన్ ఒకడు, చంద్రుడి మీదకు మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ అతని నేతృత్వంలో తయారైందే. నాజీల కోసం బానిస కార్మికులతో రాకెట్లు కట్టించిన గతాన్ని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

జీడీపీ చెప్పని సంగతి

యుద్ధం ఆర్థిక వ్యవస్థకు మంచిదనే మాట తరచూ వినిపిస్తుంది, దానికి అమెరికానే ఉదాహరణగా చూపిస్తారు. 1940లో దాదాపు 14.6 శాతం ఉన్న నిరుద్యోగం 1944 నాటికి 1.2 శాతానికి పడిపోయింది, నిజమే. అయితే జీడీపీ లెక్కలో ట్యాంకు తయారైనా ట్రాక్టర్ తయారైనా ఒకటే. ట్రాక్టర్ పదేళ్లు పొలం దున్నుతుంది, ట్యాంకు మూడు నెలల్లో ఏ ఎడారిలోనో కాలిపోతుంది. 1942 ఫిబ్రవరి తర్వాత అమెరికాలో ప్రజలకు అమ్మే కార్ల తయారీయే ఆగిపోయింది, చక్కెర నుంచి టైర్ల దాకా రేషన్. నిరుద్యోగం తగ్గడంలో కూడా కోటి మందికి పైగా సైన్యంలో ఉండటం పెద్ద కారణం.

మరి యుద్ధం అయ్యాక మాంద్యం ఎందుకు రాలేదు? చాలామంది వస్తుందనే అనుకున్నారు. రాకపోవడానికి కారణం, జనం జీతాలు తీసుకున్నారు గానీ కొనడానికి సరుకు లేక యుద్ధ బాండ్లలో దాచుకున్నారు, 1945 తర్వాత ఆ పొదుపంతా ఇళ్ల మీదకు, కార్ల మీదకు వచ్చింది. ప్రభుత్వ అప్పు 1946లో జీడీపీని దాటిపోయినా అది ఎక్కువగా సొంత పౌరులకు ఇవ్వాల్సిందే, బ్రిటన్‌కు లాగా పరాయి కరెన్సీలో తీర్చాల్సింది కాదు. పైగా 1944 నాటి జీఐ బిల్లు కింద 20 లక్షలకు పైగా మాజీ సైనికులు కాలేజీలకు వెళ్లారు. ఇవన్నీ కలిసొచ్చాయి కాబట్టి లాభమైంది. ఇదే ఖర్చు, ఇదే అప్పు పెట్టిన మరో దేశం సొంత నగరాలు పోగొట్టుకుని ఉంటే ఫలితం వేరు.

ఒకే జర్మనీ, మూడు రకాల ఒప్పందాలు

ఓడిన దేశాన్ని ఏం చేయాలి అన్న ప్రశ్నకు జర్మనీ చరిత్రలోనే మూడు రకాల సమాధానాలు దొరుకుతాయి, అందుకే ఈ విషయంలో దాన్ని మించిన ఉదాహరణ లేదు.

1871లో గెలిచింది జర్మనీ. ఫ్రాన్స్ నుంచి 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం, అల్సాస్-లొరైన్ ప్రాంతం తీసుకుంది. ఫ్రాన్స్ ఆ డబ్బు గడువు కన్నా ముందే 1873లో కట్టేసింది. ఆ డబ్బు వరదలా వచ్చి పడటం కూడా ఒక కారణమై జర్మనీలో కంపెనీల షేర్లు విపరీతంగా పెరిగి అదే 1873లో కుప్పకూలాయి. డబ్బు తీసుకున్నందుకు కాదు గానీ నేల తీసుకున్నందుకు ఫ్రాన్స్ 1914 దాకా మర్చిపోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక, 1919లో తలకిందులైంది. వెర్సాయ్ ఒప్పందంతో జర్మనీ యూరప్‌లోని తన భూభాగంలో సుమారు 13 శాతం, వలసలన్నీ పోగొట్టుకుంది. 1921లో పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. అందులో పెద్ద భాగం ఎప్పటికీ వసూలు కాదని అప్పుడే చాలామందికి తెలుసు, సొంత ఓటర్లకు చూపించడానికి వేసిన అంకె అది. ఇక్కడ ఒక గొలుసు ఉంది: బ్రిటన్, ఫ్రాన్స్ అమెరికాకు బాకీ, ఆ బాకీ తీర్చడానికి జర్మనీ నుంచి పరిహారం కావాలి, జర్మనీ పరిహారం కట్టడానికి 1924 తర్వాత మళ్లీ అమెరికా బ్యాంకుల దగ్గరే అప్పు తేవాలి. డబ్బు అట్లాంటిక్ చుట్టూ గానుగెద్దులా తిరిగింది. 1929లో అమెరికా మార్కెట్ కూలగానే గొలుసు తెగింది, 1932లో పరిహారాలు దాదాపు రద్దయ్యాయి, మరుసటి ఏడాది జనవరిలో హిట్లర్ వచ్చాడు. 1923లో ఒక డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికిన ద్రవ్యోల్బణం మధ్యతరగతి పొదుపును తుడిచిపెట్టిన సంగతి కూడా ఇందులో కలుస్తుంది, అయితే దానికి పరిహారాలు ఒక్కటే కారణం కాదు. యుద్ధ ఖర్చును పన్నులతో కాకుండా అప్పుతో, నోట్లతో నడిపిన జర్మనీ ప్రభుత్వాల తప్పు అంతకన్నా తక్కువేమీ కాదు.

1945లో ఓటమి 1918 కన్నా ఎన్నో రెట్లు ఘోరం. 1937 నాటి భూభాగంలో దాదాపు పావు వంతు పోయింది, తూర్పు యూరప్ నుంచి సుమారు 1.2 కోట్ల మంది జర్మన్లు తరిమివేతకు గురయ్యారు. అయినా పదేళ్లలో పశ్చిమ జర్మనీ కోలుకుంది. యుద్ధం తర్వాత యూరప్‌కు అమెరికా ఇచ్చిన మార్షల్ ప్లాన్ సాయం వల్లే అని చెప్పేస్తుంటారు. ఆ 1,300 కోట్ల డాలర్లలో ఎక్కువ వాటా బ్రిటన్‌కు వెళ్లింది, తర్వాత ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీకి వచ్చింది సుమారు 140 కోట్లే. అసలు కారణాలు వేరే చోట ఉన్నాయి. బాంబులకు ఇళ్లు కూలినంతగా యంత్రాలు పాడవలేదు, 1945 నాటికి మిగిలిన పారిశ్రామిక సామర్థ్యం 1936లో ఉన్నదాని కన్నా ఎక్కువే. చదువు, నైపుణ్యం ఉన్న మనుషులు ఉన్నారు, తరిమివేతకు గురై వచ్చినవాళ్లే కార్మికులయ్యారు. 1948లో కొత్త కరెన్సీ వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా 1953లో లండన్ ఒప్పందంతో పాత అప్పులు సగానికి తగ్గించి, మిగతాది ఎగుమతుల మిగులు నుంచి కట్టుకోనిచ్చారు.

దీన్ని ఉదారత అనుకుంటే పొరపాటు. సోవియట్ యూనియన్‌తో పోటీ మొదలైంది కాబట్టి పశ్చిమ దేశాలకు బలమైన జర్మనీ కావాల్సి వచ్చింది. పక్కనే ఉన్న తూర్పు జర్మనీని చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది: అదే భాష, అదే ఓటమి, అదే నైపుణ్యం, కానీ అక్కడి ఫ్యాక్టరీల యంత్రాలను, రెండో రైలు పట్టాలను కూడా విప్పి సోవియట్ యూనియన్‌కు తరలించారు. తర్వాతి 40 ఏళ్ల తేడాకు ఆర్థిక విధానం పెద్ద కారణమే, కానీ పరుగు మొదలైన గీతే వేరు.

జపాన్ కథ కూడా ఇదే దారిలో నడిచింది, ఒక మలుపుతో. 1950లో టయోటా దివాలా అంచున ఉంది. అదే ఏడాది జూన్‌లో కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం ట్రక్కుల ఆర్డర్లు ఇవ్వడంతో గట్టెక్కింది. ఒక దేశం కోలుకున్న ఏళ్లలోనే పక్క దేశం బూడిదైంది.

నేల వచ్చింది, మనుషులు పోయారు

సోవియట్ యూనియన్ గెలిచింది, భూమి కూడా సంపాదించింది. బాల్టిక్ దేశాలు, తూర్పు పోలండ్, జర్మనీ నగరం కోనిగ్స్‌బర్గ్, దక్షిణ సఖలిన్, కురిల్ దీవులు, దానికి తోడు సగం యూరప్ మీద పెత్తనం. ప్రాణనష్టం 2.7 కోట్లు. 1959 జనగణనలో మగవాళ్ల కన్నా ఆడవాళ్లు 2 కోట్ల మంది ఎక్కువగా తేలారు. పుట్టాల్సిన పిల్లలు పుట్టకపోవడం వల్ల ఆ లోటు ప్రతి పాతికేళ్లకోసారి రష్యా జనాభా పట్టికల్లో మళ్లీ గుంటలా కనిపిస్తూనే ఉంది. గెలిచిన నేలను పట్టి ఉంచడానికి పెట్టిన సైనిక ఖర్చు చివరికి ఆ వ్యవస్థనే కుంగదీసిన కారణాల్లో ఒకటైంది, 1991 నాటికి బాల్టిక్ దేశాలు పోయాయి, యూరప్ పెత్తనం పోయింది. కురిల్ దీవుల గొడవ వల్ల రష్యా, జపాన్‌ల మధ్య ఇప్పటికీ శాంతి ఒప్పందమే లేదు.

పోలండ్ సంగతి ఇంకా వింత. ఆ దేశాన్ని కాపాడటానికే బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. చివరికి గెలిచిన పక్షాన నిలిచిన పోలండ్ సుమారు 60 లక్షల మందిని, అంటే జనాభాలో ఆరో వంతును పోగొట్టుకుంది, తూర్పున భూమి పోయి పడమట జర్మన్ భూమి వచ్చి దేశం మొత్తంగా పడమరకు జరిగింది, ఆపైన 40 ఏళ్లు మాస్కో నీడలో బతికింది.

అప్పు ఇచ్చిన బీద దేశం

ఇక మన పద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది, 87 వేల మంది చనిపోయారు. 1939లో కుదిరిన ఏర్పాటు ప్రకారం దేశం బయట జరిగే యుద్ధానికి అయ్యే ఖర్చును బ్రిటన్ భరించాలి. చూడ్డానికి న్యాయంగానే ఉంది. అమలైన తీరు ఇది: బ్రిటన్ ఇక్కడ యూనిఫారాలు, జనపనార, ఉక్కు, తిండిగింజలు కొంటుంది, డబ్బును లండన్‌లో రిజర్వ్ బ్యాంక్ ఖాతాలో పౌండ్లుగా రాస్తుంది, ఆ పౌండ్లను యుద్ధం అయ్యేదాకా తీసుకోవడానికి లేదు. ఆ పౌండ్లను హామీగా చూపి రిజర్వ్ బ్యాంక్ ఇక్కడ రూపాయి నోట్లు అచ్చు వేసి సరుకు అమ్మినవాళ్లకు ఇస్తుంది. సరుకు దేశం దాటిపోయింది, నోట్లు ఇక్కడ పెరిగాయి. చలామణిలో ఉన్న నోట్లు ఆరేళ్లలో ఐదారు రెట్లయ్యాయి. ధరలు పెరిగినప్పుడు భూమి, సరుకు ఉన్నవాడు తట్టుకున్నాడు, కూలీ మీద బతికేవాడు కొనలేకపోయాడు.

1942 మార్చిలో జపాన్ రంగూన్‌ను పట్టుకోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి తరతరాలుగా రంగం (రంగూన్) వెళ్లిన తెలుగు కూలీలు లక్షల మంది భారతీయులతో కలిసి అడవుల గుండా నడిచి వెనక్కి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అంతకుముందు ఏడాదే విశాఖలో సింధియా కంపెనీ శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణ కేంద్రం పని ఆ దెబ్బకు కుంటుపడింది, అక్కడ తయారైన తొలి ఓడ జలఉష నీళ్లలోకి దిగింది 1948 మార్చిలో. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. ఈ ఒక్క కరువు మృతుల సంఖ్యే ఆ యుద్ధంలో బ్రిటన్ పోగొట్టుకున్న సైనికులు, పౌరుల మొత్తం కన్నా కొన్ని రెట్లు ఎక్కువ.

యుద్ధం ముగిసేసరికి కాగితం మీద మాత్రం భారత్ పరిస్థితి బ్రహ్మాండం. ఒకప్పుడు లండన్‌కు అప్పు ఉన్న దేశానికి ఇప్పుడు లండనే సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ. బ్రిటన్‌లో కొందరు ఆ బాకీని కోసేయాలని గట్టిగా వాదించారు, భారత్ ఒప్పుకోలేదు. 1947 నుంచి విడతలుగా ఇచ్చారు. 1948 ఒప్పందంలో బ్రిటిష్ సైన్యం ఇక్కడ వదిలి వెళ్లిన సామాను ధర, బ్రిటిష్ అధికారుల పెన్షన్ల సొమ్ము అందులోంచే మినహాయించుకున్నారు. 1949లో పౌండ్ విలువ తగ్గగానే మిగిలిన నిల్వల డాలర్ విలువ కూడా ఒక్కరోజులో 30 శాతం పడిపోయింది. మిగిలినదాంతో యంత్రాలు, తిండిగింజలు దిగుమతి చేసుకుని తొలి పంచవర్ష ప్రణాళికను నడిపారు, 1957-58 నాటికి నిల్వలు అడుగంటి విదేశీ మారకం సంక్షోభం వచ్చింది.

బ్రిటన్‌కు అప్పు ఇచ్చిన అమెరికాకు డాలర్ పెత్తనం దక్కింది. బ్రిటన్‌కు అప్పు ఇచ్చిన భారత్ వాయిదాల కోసం తిరిగింది. షరతులు రాసింది ఎవరన్న దాంట్లోనే తేడా అంతా.

యుద్ధం పోయినా పోనివి

యుద్ధం కోసం తాత్కాలికంగా పెట్టినవి చాలావరకు అలాగే ఉండిపోతాయి. జీతం చేతికి రాకముందే పన్ను కోసే పద్ధతి అమెరికాలో 1943లో, బ్రిటన్‌లో 1944లో మొదలైంది, ఇప్పటికీ ఉంది. మన రేషన్ వ్యవస్థ ఆ యుద్ధ కాలంలోనే పుట్టింది. విదేశీ మారకం మీద నియంత్రణ 1939లో, దిగుమతుల మీద నియంత్రణ 1940లో, కంపెనీలు షేర్లు జారీ చేయాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన 1943లో వచ్చాయి, అన్నీ యుద్ధ అవసరాల పేరుతో. 1947లో మూడింటినీ చట్టాలుగా మార్చారు. షేర్ల జారీ చట్టం 1992 దాకా కొనసాగింది. అన్నిటికీ ప్రభుత్వ అనుమతి కావాల్సిన లైసెన్స్ రాజ్ అంతా నెహ్రూ సోషలిజం నుంచే వచ్చిందనే వాదన ఈ ముక్కను పట్టించుకోదు.

బిల్లులు కూడా అంతే, తరాలు దాటతాయి. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిస్తే, ఒక సైనికుడి కూతురికి నెలకు 73.13 డాలర్ల పెన్షన్ 2020లో ఆమె చనిపోయేదాకా వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధ పరిహారాల కోసం జారీ చేసిన బాండ్లకు జర్మనీ ఆఖరి చెల్లింపు చేసింది 2010 అక్టోబర్ 3న. ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర కొంత నేలలో పేలని గుండ్లు, విషపదార్థాల వల్ల ఇప్పటికీ సాగు లేదు.

ఇప్పటి యుద్ధాల్లో ఇదే లెక్క

1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో పోరాడిన ఇరాక్ అంగుళం భూమి సంపాదించలేదు, గల్ఫ్ దేశాలకు భారీగా బాకీ పడింది. బాకీ మాఫీకి కువైట్ ఒప్పుకోకపోవడం 1990 ఆగస్టులో ఆ దేశం మీద దాడికి ఒక కారణం. ఆ దాడికి పరిహారంగా ఇరాక్ తన చమురు ఆదాయంలోంచి 5,240 కోట్ల డాలర్లు కట్టింది, ఆఖరి చెల్లింపు 2022 జనవరిలో. అప్పటికి ఆ దాడికి ఆదేశించిన సద్దాంను ఉరి తీసి 15 ఏళ్లు దాటింది.

ఇరాక్ ఆఖరి చెల్లింపు చేసిన మరుసటి నెలలోనే, అంటే 2022 ఫిబ్రవరిలో, రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. తెలుగు ఇళ్లలో అది మొదట తెలిసింది అక్కడ మెడిసిన్ చదువుతున్న పిల్లల కోసం పడ్డ టెన్షన్‌గా, ఆ తర్వాత పొద్దుతిరుగుడు నూనె ధరగా. రష్యా చేతికి ఉక్రెయిన్ భూమిలో దాదాపు ఐదో వంతు వచ్చింది. నాటో దగ్గరకు రాకూడదన్న లక్ష్యం మాత్రం బెడిసికొట్టింది, 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ నాటోలో చేరాయి, ఫిన్లాండ్‌తో రష్యాకున్న 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఇప్పుడు నాటో సరిహద్దు. ఉక్రెయిన్ నుంచి సుమారు 60 లక్షల మంది విదేశాలకు వెళ్లిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లలో ఎందరు తిరిగొస్తారన్న దాని మీదే ఆ దేశం కోలుకోవడం ఎక్కువగా ఆధారపడుతుంది, ఎందుకంటే 1945 తర్వాత జర్మనీ కోలుకోవడంలో మనుషులది పెద్ద పాత్ర.

యుద్ధంలో లేని దేశాలకూ పద్దు ఉంటుంది. భారత చమురు దిగుమతుల్లో 2 శాతం కన్నా తక్కువున్న రష్యా వాటా రెండేళ్లలో మూడో వంతు దాటింది, డిస్కౌంట్ ధరకు. రష్యాకు ఇందులో వచ్చిన చిక్కు భారత్‌కు బాగా తెలిసిందే. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారత బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పేరుకుపోయాయని, వాడుకోవడానికి వేరే కరెన్సీలోకి మార్చాల్సి ఉందని చెప్పాడు. స్టెర్లింగ్ నిల్వల విషయంలో 1945లో ఢిల్లీ ఉన్న జాగాలో ఈసారి మాస్కో ఉంది.

అసలు పెద్ద మొత్తం ఇంకోటి ఉంది. పశ్చిమ దేశాలు స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులు సుమారు 30,000 కోట్ల డాలర్లు, ఎక్కువ భాగం బెల్జియంలోని యూరోక్లియర్ సంస్థ దగ్గర ఉన్నాయి. 2024లో జీ7 దేశాలు అసలు మొత్తం జోలికి పోకుండా, దాని మీద వచ్చే రాబడితో తీర్చేలా ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. నష్టపరిహారంగా ఆ అసలు మొత్తాన్నే ఇచ్చేయాలని ఉక్రెయిన్ వాదన. అలా చేస్తే రేపు తమ నిల్వలకు మాత్రం గ్యారంటీ ఏంటని మిగతా దేశాలు యూరో నుంచి డబ్బు తీసేసుకుంటాయన్నది బెల్జియం లాంటి దేశాల భయం. వెర్సాయ్‌లో పరిహారం ఎంతో తేల్చాక వసూలు ఎలా అని తల పట్టుకున్నారు, ఇక్కడ డబ్బు ముందే చేతిలో ఉంది, ఏ హక్కుతో తీసుకోవాలన్నదే తేలడం లేదు.